కాళ్ళ ముందు ఖాళీ

కీలుంగ్‌లో ఎండ చుట్టపుచూపుగా వస్తుంది,
గొడుగు మాత్రం ఇంటి మనిషి.
పదకొండేళ్ళు ఈ వానలో నన్ను మోసిన స్కూటర్
సొరంగం మధ్యలో రెండుసార్లు దగ్గి, ఆగింది.

"ఇక దీనికి మందు లేదు" అన్నాడు షుయ్-షెంగ్ బాబాయి
గ్రీజు చేతులు పాత పేపరుకి తుడుచుకుంటూ.
షెడ్డులో రెండు బళ్ళు పక్కపక్కనే నిలబెట్టాడు.
పెళ్ళిచూపులే,
కాకపోతే కూర్చోవలసింది వాటి మీద.

ఒకటి స్కూటర్. తెల్లది, కొత్తది.
గేర్లు లేవు, పేచీ లేదు,
చెవి మెలిపెడితే చాలు, కదులుతుంది.
సీటు కింద రెయిన్‌కోటూ చెప్పులూ పట్టే కడుపు.
మోకాళ్ళ ముందు పీటంత చదును.

రెండోది మోటార్‌సైకిల్. సెకండ్ హ్యాండ్.
ట్యాంకు మీద ఎవరివో మోకాళ్ళు అరగదీసిన గుర్తు.
క్లచ్చుతో ఒక మాట, గేరుతో ఒక మాట
ఆడితే గాని అడుగు వెయ్యదు.

"ఆఫీసుకేగా యూ-శాన్, స్కూటర్ తీసుకో.
ఈ వానకి పాదాలైనా పొడిగా ఉంటాయి.
పైగా,"
చదును మీద అరచేత్తో తట్టాడు,
"సామాను ఎంతైనా పడుతుంది."

ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఆ చదును మీద నా పాదాలు నేను పెట్టుకున్న రోజులు
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
పై అంతస్తు చియో అత్త గ్యాస్ బండ.
తెల్లవారుజామున రెండింటికి
చేపల సంతలో మరిది కొట్టుకు మంచు పెట్టెలు.
పక్క టేబులు పేయ్-జెన్ వాళ్ళ అబ్బాయి,
బడిదాకా నిలబడి, నా గడ్డానికి హెల్మెట్ మొట్టుతూ.
చంద్రుడి పండక్కి ఒక బస్తాడు పంపరపనసలు.
"నువ్వెలాగూ అటే వెళ్తున్నావుగా."
ఎటు వెళ్తున్నానో నన్నెవరూ అడగలేదు.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధంటారు,
ఖాళీని చూస్తే మోపబుద్ధి.
రెండు కాళ్ళూ బయటికి చాపి
కప్పలా ఇల్లు చేరేదాన్ని.

రేవులో, తూనిక గదిలో నా ఉద్యోగం.
లారీ ఎక్కుతుంది, అంకె వెలుగుతుంది,
సరుకెంతో బండెంతో విడదీసి రాస్తాను.
ఖాళీ లారీ బరువుకి వేరే గడి ఉంటుంది.
నా ఖాళీ బరువెంతో
ఏ గడిలోనూ రాసుకోలేదు.

మోటార్‌సైకిల్ ఎక్కి కూర్చున్నాను.
మోకాళ్ళ మధ్య చల్లటి ట్యాంకు.
పంపరపనస కాదు కదా, నిమ్మకాయ కూడా నిలవదు.
"దీని మీద సామానెక్కడ పెడతారు?"
"అదేనమ్మా దీంతో చిక్కు," అన్నాడు బాబాయి జాలిగా,
"ఎక్కడా కుదరదు."
బేరం అక్కడే తెగింది.

మొదటి వారం సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు ఆగిపోయింది,
వెనక స్కూటర్లన్నీ హారన్లతో పాఠం చెప్పాయి.
ఎడమ బూటు ముక్కు మీద గేరు మీట
నల్లబొట్టు పెట్టింది.
సాక్సులు ఆఫీసు ఫ్యానుకి ఆరేశాను.
షుయ్-షెంగ్ బాబాయి చెప్పిన ప్రతి మాటా నిజమే.

చియో అత్త కిందికి దిగొచ్చి
ఖాళీ బండని ఒకసారీ, నా ట్యాంకుని ఒకసారీ చూసి,
నిట్టూర్చి, గ్యాస్ షాపుకి ఫోన్ చేసింది.
వాళ్ళు ఇంటికే తెచ్చిస్తారట.
పదకొండేళ్ళుగా తెచ్చిస్తున్నారట!

నిన్న సాయంత్రం మా సందు మలుపు
కావాలనే దాటిపోయాను.
లైట్‌హౌస్ కొండ ఎక్కుతుంటే, రెండో గేరులో,
చేతికీ పని, కాలికీ పని,
మనసుకొక్కదానికే సెలవు.
పక్కన ఎవరో ముసలాయన స్కూటర్ మీద,
పాదాల మధ్య ముసలి కుక్క,
చెవులు గాలికి వదిలేసి, వానని వాసన చూస్తూ.
ఒక్క క్షణం అసూయ కలిగింది.

గేరు మార్చాను.