మైనస్ డెబ్బై ఒకటి

జుగ్దిదీ బజారు నుంచి బెఖాన్ వ్యాన్‌లో
ఉల్లిపాయల బస్తాకీ గ్యాస్ బండకీ నడుమ
ఏడు గంటల కుదుపులు తిని వచ్చింది
బొటనవేలంత అడాప్టర్.
కుక్కపిల్ల చెవిలా
నిక్కి ఉంది దాని ఒంటి యాంటెన్నా.

బడి కంప్యూటర్ దాన్ని చూసి
ఎవరు నువ్వంది.
పసుపు ముక్కోణం, లోపల ఆశ్చర్యార్థకం.
డ్రైవర్ ఎక్కిస్తే గానీ నెట్ రాదు,
నెట్ వస్తే గానీ డ్రైవర్ దిగదు.
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు,
పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ఫోన్ పట్టుకుని మంచు బురదలో
చర్చి గుట్ట ఎక్కాను. అక్కడ రెండు గీతలు దొరుకుతాయి.
పదకొండు మెగాబైట్లు, నలభై నిమిషాలు.
మొండి ఆవుని పితికినట్టు
ధార ధారగా దింపుకుని
తెచ్చి కంప్యూటర్‌లో పోశాను.
ముక్కోణం పోయింది.
ఆకుపచ్చ దీపం రెప్ప కొట్టింది.

అయితే ఏం?
మా బడి ఉన్నది పాత బురుజు కింద.
ఇంటికీ ఇంటికీ నెత్తుటి పగలున్న రోజుల్లో
గజం మందాన పేర్చిన రాయి.
బాణాన్ని ఆపిన గోడ
తరంగాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది?
పోస్టాఫీసు కప్పు మీది డబ్బా
ఎంగురి ఏటికి అవతల ఉంది.

అయిదు మీటర్ల తీగ తగిలించి
అడాప్టర్‌ని జామ్ సీసా మూతలో పెట్టి
చలికి గొర్రె ఉన్ని చుట్టి
బాణాలు వేసే సందులో కూర్చోబెట్టాను.
ఇన్ని వందల ఏళ్లూ బయటికే గురిపెట్టిన సందు
మొదటిసారి
లోపలికి ఏదో రానిచ్చింది.

మైనస్ డెబ్బై ఒకటి.

పిల్లలకి చెబితే నవ్వారు,
బలాన్ని మైనస్‌లో కొలవడమేమిటని.
తొంభై అంటే పోయినట్టే,
డెబ్బై అంటే మాట వినబడుతుంది.
"సున్నా ఎప్పుడొస్తుంది, మాస్?" అంది లామారా.
రాదమ్మా.
ఎంత తక్కువ అప్పులో ఉంటే
అంత కలిమి, ఈ లెక్కలో.

గళ్ల నోట్‌బుక్‌లో గంటగంటకీ అంకె రాశాను.
వాన పడితే డెబ్బై నాలుగు.
మబ్బు దిగితే డెబ్బై మూడు.
సందు ముందు ఎడ్లు నిలబడితే ఎనభై,
అవి కదిలితే మళ్లీ మామూలే.

రోజూ సాయంత్రం ఆరూ పదికి మాత్రం
ఎనభై తొమ్మిది.
అరగంట.
సరిగ్గా కంప్యూటర్ క్లాసు వేళకి.

చానల్ ఒకటి నుంచి ఆరుకి, ఆరు నుంచి పదకొండుకి మార్చాను.
కరెంటు పొదుపు ఆపేశాను.
ఎతెరీ ఇంటి మైక్రోవేవ్‌ని అనుమానించి
చూసొద్దామని వెళ్లాను.
ఆమెకి మైక్రోవేవ్ లేదు.
జున్ను రొట్టె తిని వచ్చాను.

గురువారం, తెర వదిలేసి
సందుకే కన్ను ఆనించాను.
ఏటి గట్టు మీద, కప్పుకీ నాకూ మధ్య
గీత గీసి పెట్టినట్టు
బెఖాన్ వ్యాన్, నిలువెత్తు రేకు.
స్టీరింగ్ మీద ఫోన్.
ఫోన్‌లో నానా.
బారీలో ఆమె చూసుకునే ముసలాయన
మధ్యాహ్నం కునుకు తీసే వేళ అది.
ఆమె నారింజ ఒలుస్తోంది.
అతను ఏమీ మాట్లాడటం లేదు. చూస్తున్నాడు.
ఒకసారి నోరు కూడా తెరిచాడు,
తొన అందుకోబోతున్నట్టు.

మీటరూ నోట్‌బుక్కూ లేకుండా
ఊరంతా తిరిగి తిరిగి
అతను పట్టుకున్న చోటు అది.

మర్నాడు సరుకు దించుతూ అడిగాడు,
"నెట్ బాగుందా, మాస్?"
"సాయంత్రం కాస్త తగ్గుతుంది."
"మబ్బు వల్ల" అన్నాడు.
"అంతే అయుంటుంది" అన్నాను.

ఆరూ పది గడిలో ఇప్పుడు అంకె వేయను.
ఆ అరగంటా పిల్లలు
కంప్యూటర్‌కి వీపు తిప్పి
పదమూడో ఎక్కం చెబుతారు,
గట్టిగా,
ఏరు దాటి వినబడేంత.