మూడో అధ్యాయానికి అమ్మ దిద్దుబాట్లు

ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోనులో
నీలం జుట్టు పిల్ల పడవ దిగుతోంది.
నేను నోట్సు రాసుకుంటున్నాను:
పన్నెండో భాగం, పదిహేడో నిమిషం, మంచు, మాటల్లేవు.
కొర్లగుంటలో మా సందుకు కరెంటు పోయి
ఫ్యాను ఆగింది. పడవ ఆగలేదు.

అమ్మ అప్పుడే కొండ దిగొచ్చింది.
కల్యాణకట్టలో మధ్యాహ్నం డ్యూటీ.
చేతులు ఇంకా డెట్టాల్ వాసన,
చీర కుచ్చిళ్ళలో ఎవరెవరివో ఎంటికల నలుసులు.
ఫోను వెలుగులోనే చారన్నం కలుపుకుంటూ
నా భుజం మీదుగా తొంగి చూసి
"ఎవురివిమే ఆ నీలం ఎంటికలు? సవరమా?"
బొమ్మ అమ్మా, గీసిన బొమ్మ, అన్నాను.
"గీసినోళ్ళకి తెల్దా, నడినెత్తిన సుడి ఉంటాదని?"

నా పరిశోధన శీర్షిక చాలా పొడుగు.
బస్సులో ఎవరైనా అడిగితే
జపాను కార్టూన్లు చూడ్డం అంటాను. నవ్వుతారు.
రెండేళ్ళుగా చూస్తున్నాను:
ఎవరూ దాటని రైల్వే గేటు దగ్గర గంట మోగుతూనే ఉండడం,
గిన్నె మీంచి ఆవిరి లేవడానికి నాలుగు సెకన్లు కేటాయించడం,
ఒకర్నొకరు తాకకుండానే విడిపోవడం.
ఆ దేశం పోలేదు. రేణిగుంటలో విమానాలు లేస్తుంటే చూశాను, అంతే.
గొంతులు మాత్రం గుర్తుపడతాను,
వాన ముందు ఒకలా, అబద్ధం ముందు ఒకలా
గాలి పీల్చుకునే గొంతులు.
కింద ఇంగ్లీషు అక్షరాలు.
నేను చదివి అమ్మకి తెలుగులో చెప్పేలోపల
ఆ పిల్ల ఏడవడం అయిపోయేది.

పంతొమ్మిదో నిమిషంలో ఆ పిల్ల
తండ్రి కత్తి దూసి, పిడికిట జడ పట్టి
ఒక్క వేటుకు కోసేసింది.
జడ గాల్లో విడిపోయి సముద్రం మీదికి పోయింది.
రాసుకున్నాను: గతంతో తెగతెంపు. వ్యక్తిత్వ ప్రకటన.
మునుపటి పరిశోధకులంతా అదే అన్నారు.
అమ్మ ముద్ద నోటికాడ ఆపేసింది.
"ఏం మొక్కుకున్నిందో బిడ్డ."
మొక్కు కాదమ్మా, వాళ్ళకి ఇది వేరే, అంటే...
"మొక్కు లేకుండా ఆడబిడ్డ ఎంటికలు కోసుకుంటాదా?
మాకాడికొచ్చేవాళ్ళు మూడు కత్తెర్లు ఇచ్చేదానికే
కండ్లు మూసుకుంటారు.
అయినా తడపకుండా కోసింది. చూడు, వంకర్లు పోతాది."

మరుసటి దృశ్యంలో చూశాను. నిజంగానే వంకర్లు.
ఎడమ చెవి పక్కన రెండేళ్ళ వెడల్పు ఎక్కువ మిగిలింది.
గీసినవాళ్ళకి తెలుసు.
నాకే తెలీలేదు.

కరెంటొచ్చింది. గొప్ప కోసం ఒక మాట చెప్పాను:
వాళ్ళ భాషలో కమి అంటే జుట్టు,
కమి అంటే దేవుడు, కమి అంటే కాయితం.
పలకడంలో పిసరంత తేడా, రాయడంలో వేరు వేరు.
అమ్మ కంచంలో చెయ్యి కడుక్కుంటూ
"కామా? కామి అంటే మనకాడ ఆశ ఉండేవోడు గదా," అంది.
"సరిపాయ. ఆశ పడతాడు, ఎంటికలిస్తాడు, దేవుడు తీసుకుంటాడు.
కాయితం యాడిది?
ఆ, టోకెను."
నవ్వి నవ్వి నాకు పొలమారింది.

మూడో అధ్యాయంలో ఫుట్‌నోటు పెట్టాను:
బి. మునికాంతమ్మ, వ్యక్తిగత సంభాషణ, రాత్రి పదకొండున్నర.
రెడ్డెప్ప సారు ఎర్రసిరాతో సున్నా చుట్టి
ఈమె ఏ విశ్వవిద్యాలయం? అని రాశారు.
ఇంకా జవాబివ్వలేదు.

మొన్న పొద్దున డ్యూటీ బస్సుకి పోతా
చెప్పులేసుకుంటా అమ్మ అడిగింది:
"ఆ బిడ్డకి ఎంటికలు పెరిగినాయా?"
రెండో సీజన్ రావాలి, ఏడాది పట్టొచ్చు, అన్నాను.
"వస్తే నన్ను పిలువు.
ఇరవై రెండేండ్లు. ఎన్ని తలకాయలు నా చేతికింద వొంగినాయో.
మళ్ళా జుట్టుతో ఒగురినీ చూళ్ళేదు."