క్లైమాక్సులో గిటారు విరగలేదు

సినిమా మొత్తం ఖర్చు పదకొండు వేల రెండొందలు.
అందులో నాలుగు వేలు పకోడీలకీ టీలకీ అయ్యాయని
తవిటినాయుడు ఇప్పటికీ ఒప్పుకోడు.

పెళ్లిళ్లు తీసే వీడియో కెమెరా అతనిది.
అంచేత మా తిరుగుబాటు సినిమాలో
ఎవరు తలుపు తీసినా గులాబీ రేకులు రాలతాయి.
ప్రిన్సిపాలు కళ్లెర్రజేస్తే
ఆయన మొహం తమలపాకు ఆకారంలోకి ముడుచుకుని
తెర మూలకి ఎగిరిపోతుంది.
"ఆ మిషన్లో అయ్యే ఉన్నాయి, నానేటి సేత్తాను?"

కథ ఏటంటే, నెల్లిమర్ల కాలేజీలో పాట నిషేధం.
అసిరినాయుడు పేరు మార్చుకుని రాకీ అయి,
జుట్టు పెంచి (విగ్గు, అద్దెకి, రోజుకి ముప్పై)
ప్రపంచాన్ని గడగడలాడిస్తాడు.
రాక్ అండ్ రోల్ అంటే మాలో ఎవరికీ తెలీదు.
ఇశ్రాయేలు మాస్టారి దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది,
సగం దాకా ప్రార్థనలు,
ఆపైన హఠాత్తుగా ఎవడో
ఒళ్లు కాలినవాడిలా అరుస్తాడు.
మాటలు అర్థం కాలేదు.
అరుపు అయింది.

నేను డ్రమ్ములు.
అంటే రెండు నూనె పీపాలు, ఒక పాలకేను,
అమ్మ అట్లపెనం మీది మూత.
"మొకం అగుపడిందా, కాళ్లిరగ్గొడతాను" అంది అమ్మ.
అందుకని సినిమా పొడుగునా
నేను ఒక మూత, దాని వెనక ఊగే రెండు జడలు.

సముద్రం కావాలన్నాడు దర్శకుడు.
భీమిలికి ఎనిమిది మందికి బస్సు చార్జీల్లేవు.
చంపావతి ఎండి ఉంది, ఇసకకి కొదవ లేదు,
అలలు తర్వాత వేద్దామన్నాడు.
ఇంకా వెయ్యలేదు.
హీరో ఏడుస్తుంటే వెనకనించి ఒక గేదె
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేనట్టు నడిచిపోతుంది.
బాగా నటించింది అదొక్కతే.

అసలు గిటారు చర్చిది.
ఆదివారానికల్లా తీగ తెగకుండా తిరిగివ్వాలి.
బద్దలు కొట్టడానికి ఇంకొకటి కావాలి.
నాన్న చేస్తానన్నాడు.

మిల్లుకి తాళం పడిన వేసవి అది.
ఇరవయ్యేళ్లు మగ్గాలకి చెక్క భాగాలు అతికిన చేతులు
మోకాళ్ల మీద ఊరకే పడి ఉండేవి.
"విరిగిపోవాలి నాన్నా. పల్చటి చెక్క, రెండు మేకులు, చాలు."
"ఓస్, అంతేనా" అన్నాడు.
నాలుగు రోజులు పట్టాడు.
పాత మగ్గం టేకు. మేకు లేకుండా కుసి దింపాడు.
గరుకు కాగితంతో పామి, పామి,
రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ పామి,
ఎర్ర లక్క పూసి ఎండలో పెట్టి
కాకులు వాలకుండా పక్కన కూచున్నాడు.

షూటింగు మిల్లు గేటు ముందు.
జనం కావాలి, జనం అక్కడే ఉన్నారు,
టెంటు కింద, నలభై మూడో రోజు.
రాకీ గిటారెత్తగానే అరవండి అన్నాం.
ఏటని అరవాలి, అనడిగారు.
ఏదైనా పర్లేదు.
వాళ్లకి వచ్చిందే అరిచారు,
తాళం తియ్యాలి, బకాయి కట్టాలి.

అసిరినాయుడు గిటారెత్తి రాతి మీద కొట్టాడు.
మళ్లీ కొట్టాడు.
రాయి పెచ్చు లేచింది.
మూడోసారికి విగ్గు ఊడింది.
నాలుగోసారి తవిటినాయుడు కెమెరా వదిలేసి
తనే వచ్చి కొట్టి, మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు.
నినాదాలు మధ్యలో తెగి నవ్వుగా మారిపోయాయి,
గేటు లోపలి వాచ్‌మన్ కూడా నవ్వాడు.
నాన్న మాత్రం బీడీ ఆర్పి
తప్పు చేసినవాడిలా నా దగ్గరికొచ్చాడు.
"ఇరిగినట్టు సెయ్యడం నాకు రానేదే అమ్మా."

ఒక్క ఆట ఆడింది, ఆ టెంటులోనే,
దుప్పటి తెర, అరువు టీవీ చాలక అరువు ప్రొజెక్టరు.
నాలుగు దెబ్బలూ ఉంచేశాడు తవిటినాయుడు.
చివర శుభం అని పడాలి.
నూతన వధూవరులను ఆశీర్వదించండి అని పడింది.
జనం లేచి నిలబడి, చేతిలో అక్షింతలు లేక
వేరుశనగ తొక్కలు చల్లారు.
కొన్ని తెర మీద,
కొన్ని నాన్న మీద,
ఆయన ఒళ్లో ఉన్న ఎర్ర గిటారు మీద.