పదిహేడు మీద పదిహేడు

ఏటి పుట్టుక అడగకూడదంటారు.
నాకు జీతమిచ్చేదే అది అడగడానికి:
కుతైసిలో, నీటి లెక్కల ఆఫీసు రెండో అంతస్తులో,
హీటరు పనిచేయని గదిలో.

మార్చిలో పైకప్పు కారింది.
గోడమీది మ్యాపు నాని పిండయింది.
కంప్యూటరులో అంకెలు మిగిలాయి గానీ
ఏది దేనికి బిడ్డో చెప్పే గీతలు పోయాయి.
ఏడు అంకెలు,
పెళ్లింటి గుమ్మం ముందు చెప్పుల్లా.

నది కూడా చెట్టే.
వేరు కింద, సముద్రం వైపు;
కొమ్మలు పైన, మంచులో.
పాయలు కలిసే ప్రతిచోటా ఒక రాయి,
రాయి మీద సున్నంతో ఒక అంకె.
ఏ రాయి వెనక ఏ రాయి ఉందో తెలియకుండా
వరద ఎటునుంచి దిగుతుందో చెప్పలేను.

బీరువా అడుగున రెండు నోటు పుస్తకాలు దొరికాయి.
ఒకటి మల్ఖాజ్‌ది. ఒకటి ఇరోదీది.
మల్ఖాజ్ తన ఏడుకు నడుం మీద అడ్డగీత గీస్తాడు,
ఇరోదీ గీయడు.
అదే ఆకురాలు కాలం, అదే ఏరు, అవే రాళ్లు.
వరస మాత్రం వేరు.

మల్ఖాజ్ రాయి కనబడగానే రాసేవాడు.
తర్వాత ఎడమ పాయ, ఆ తర్వాత కుడి.
నలభై, పన్నెండు, అయిదు, ఇరవై ఎనిమిది,
అరవై మూడు, పదిహేడు, పదిహేడు.

ఇరోదీ తొందరపడే మనిషి కాదు.
ఎడమ పాయ చివరంటా వెళ్లి, తిరిగొచ్చి,
బూట్లలో నీళ్లు ఒంపుకుని
అప్పుడు రాసేవాడు దారిలో వదిలిన రాయిని.
అయిదు, పన్నెండు, ఇరవై ఎనిమిది, నలభై,
పదిహేడు, పదిహేడు, అరవై మూడు.

ఒక్క పుస్తకమే ఉంటే చెట్టు దొరకదు,
అడవి దొరుకుతుంది:
ఏడు అంకెల ఒక్క వరసలో
నాలుగు వందల ఇరవై తొమ్మిది చెట్లు ఇముడుతాయి.

రెండూ పక్కపక్కన పెట్టాను.
మల్ఖాజ్ మొదటి అంకె చెట్టుకు వేరు: నలభై.
ఆ నలభై మీద, ఇరోదీ పుస్తకంలో, వేలు పెట్టాను.
వేలికి ఇవతలివన్నీ ఎడమ కొండవి,
అవతలివన్నీ కుడి కొండవి.
మళ్లీ అదే. ఇటు పన్నెండు, అటు అరవై మూడు.
ఎవరు ముందో ఒకడు చెబుతాడు,
ఎవరు ఏ పక్కో ఇంకొకడు.
టీ చల్లారేలోగా అయిదు రాళ్లు చోటికి చేరాయి.

ఆగిపోయింది పదిహేడు దగ్గర.
పైది ఎడమనుందంటే రెండు పుస్తకాలూ ఔనంటాయి,
కుడినుందన్నా ఔనంటాయి.

ఓని ఊరికి వ్యానులో మూడు గంటలు.
మల్ఖాజ్ పోయి పదకొండేళ్లు.
ఇరోదీకి ఎనభై నాలుగు, కాళ్ల మీద దుప్పటి.
కోడలు మాక్వాలా చిక్కుడు గింజల రొట్టె పెట్టింది.

ఒకే అంకె రెండు రాళ్ల మీద ఎలా పడిందన్నాను.
"ఒకటి వాడు రాశాడు, ఒకటి నేను.
ఆ ఏడు మాకు మాటల్లేవు.
వాడిది నేను చెరపలేదు, నాది వాడు చెరపలేదు."
మాటలెందుకు లేవంటే
"గొడ్డలి" అన్నాడు. అంతే.
వంటింట్లోంచి మాక్వాలా నవ్వింది.

మాటలుండుంటే
ఒకే గుడారం, ఒకే పెన్సిలు, ఒకే పుస్తకం.
ఈ చెట్టు ఇక ఎవరికీ దొరికేది కాదు.
ఆ సంగతి ఆయనకు చెప్పాను.
వినబడలేదో, వినదలచుకోలేదో.

"పై పదిహేడు ఏ పక్క, తాతా?"
చెయ్యెత్తాడు. దించేశాడు.
నాకెదురుగా కూర్చున్నాడు కదా,
ఆయన ఎడమ నా కుడి.
"ఇట్లా కాదు" అని లేచి
కుర్చీని రెండు చేతులా పట్టి
నేల గీరుకుపోయేలా తిప్పి కూర్చున్నాడు.
నాకు వీపు, కొండకు ముఖం,
ఏటికి ఎదురు నడిచే మనిషిలా.

అప్పుడెత్తాడు కుడి చెయ్యి.
చాలాసేపు దించలేదు.