ముప్పై ఒకటో చెవి

షెఫీల్డ్‌కీ ఏడు కొండలే అంటారు.
ఏ మొక్కూ లేకుండానే రోజూ ఎక్కుతున్నాను.
ఇవాళ మాత్రం దిగుడు:
సైకాలజీ భవనం అడుగున కిటికీ లేని గది,
గోడకి ఎవరో అతికించిన సముద్రం.

నిజం చెప్పాలంటే
పదిహేను పౌన్ల వోచర్ కోసం వచ్చాను.
ఒత్తిడి ఎలాగూ ఉంది,
ఊరికే పోనివ్వడం దేనికని.

"దుద్దు తీస్తావా?" అంది బ్రోనా.
తీసి జేబులో వేస్తే చిల్లరలో కలిసిపోయింది.
ఎడమ చెవి దొప్పలో చల్లటి జెల్, చిన్న క్లిప్పు.
అక్కడ, చర్మం కిందే, ఒక నరం తొంగి చూస్తుందట.
మెడ దిగి, గుండెని పలకరించి,
కడుపు దాకా తిరిగే దేశదిమ్మరి.
దాన్ని కాస్త గిల్లితే
గుండె నెమ్మదిస్తుందేమో చూడాలట.

కాస్త అటూ ఇటుగా
ఎనిమిదో తరగతిలో పురుషోత్తం మాస్టారు
సుద్ద అంటిన వేళ్లతో మెలిపెట్టిన చోటే.
ఆయన ఏ అంకె మీద పెట్టి తిప్పేవారో గాని
గుండె నెమ్మదించిన గుర్తు లేదు.

"చీమ కుట్టినట్టుంటే చెప్పు."
"కుట్టట్లేదు. కుట్టాలా వద్దా అని
చీమ ఆలోచిస్తోంది."
నవ్వింది. అది మాత్రం రాసుకోలేదు.

తర్వాత కాగితం. పేరుండాల్సిన చోట ముప్పై ఒకటి.
గడిచిన వారంలో ఎన్నిసార్లు ఏడుపొచ్చింది,
సున్నా నుంచి నాలుగు.
గొంతు దాకా వచ్చి ఆగినదానికి గడి లేదు.
డిసర్టేషన్‌కి పంతొమ్మిది రోజులు, అద్దెకి ఆరు.
నిద్ర దగ్గర
రెండుకి టిక్కు పెట్టి, కొట్టేసి, మళ్లీ రెండుకే పెట్టాను.

సగం మందికి అసలు కరెంటే వదలరట.
ఎవరికన్నది బ్రోనాకీ తెలీదు.
ఆ తెలీకపోవడంలో ఇద్దరం ఒకే గుంపు.

ఆరో వారం. వోచర్‌తో కొన్న
పుట్టగొడుగులూ బట్టల సబ్బు పొడీ మోసుకొస్తుంటే
ట్రామ్ స్టాపులో బ్రోనా.
మోకాళ్ల మీద లాప్‌టాప్, అందులో మా గుండెలన్నీ
వరసలు వరసలుగా.
రెండు వేళ్లతో తన ఎడమ చెవిని
తనకే తెలీకుండా నలుపుకుంటోంది.

"నిద్రపోయావా?" అనబోయాను.
అది తన ప్రశ్న.

ఊరికే పక్కన కూర్చున్నాను.
ఎనిమిదింటి ట్రామ్ వెళ్లిపోయింది.
చల్లారిన చిప్స్ పొట్లం నా వైపు జరిపింది.
ఉప్పు ఎక్కువైంది.