బట్టలారే గది

ఆటగాళ్ల పేర్లు చదివే మైకులో
నా పేరు ఎప్పుడూ రాలేదు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ కాలేజీ జిమ్ అడుగున
కిటికీ లేని గదిలో
వాళ్ల చెమట ఉతుకుతున్నాను.

స్కోరు నాకెవరూ చెప్పక్కర్లేదు.
గెలిచిన రాత్రి జెర్సీలు ఉండలుగా వచ్చి పడతాయి,
ఓడిన రాత్రి, ఎందుకో, మడతపెట్టి ఉంటాయి.
మోచేతి నెత్తురు చన్నీళ్లకే వదులుతుంది,
వేణ్ణీళ్లు తగిలిందా, గుడ్డలో కాపురం పెడుతుంది.

పద్నాలుగో నంబరు. కోర్టెజ్ బ్లేలాక్.
పంతొమ్మిదేళ్లు, ఆరడుగుల ఎనిమిదంగుళాలు.
జనవరి నుంచీ అతని ఎడమ మోకాలి పట్టీ
నా బుట్టలో పడటం లేదు.
అందరూ వెళ్లాక సింకు దగ్గర
సబ్బు ఎక్కువేసుకుని తనే ఉతుక్కుంటున్నాడు.
సాగిన పట్టీ చెప్పదా లోపలి వాపెంతో!
నేను చూశానని అతనికి తెలుసు.
డాక్టరుకి తెలియదు, కోచ్‌కి తెలియదు,
పూటకి పదకొండుసార్లు ఫోన్ చేసే ఏజెంటుకి అసలే తెలియదు.

ఏప్రిల్ చివర్లో, గడువు రాత్రి,
పైన కాన్సస్ గాలి తలుపుల్ని తంతుంటే
వచ్చి డ్రయ్యర్ మీద కూర్చున్నాడు.
అంతెత్తున కూర్చున్నా పాదాలు నేలకి ఆనుతూనే ఉన్నాయి.
కింద జెర్సీలు దబదబా తిరుగుతున్నాయి.

"గంటకి ఎంతిస్తారు మీకు, మిస్ ఓపల్?"
పద్నాలుగు డాలర్ల పాతిక సెంట్లు.
ఫోన్‌లో లెక్క కట్టాడు.
"వాళ్లు నాకిస్తానంటున్న మొదటి ఏడాది
మీకు అరవై ఏడేళ్లు."
నవ్వబోయాడు.
రింగు అంచున తిరిగి తిరిగి
బయటికే పడింది ఆ నవ్వు.

మిసిసిపిలో వాళ్లమ్మ
వాలుగ చేపలకి తోలు తీస్తుంది, ఫ్యాక్టరీలో,
పదహారేళ్లుగా మంచునీళ్లలో.
ఇప్పుడు కాఫీ కప్పు ఎత్తడానికి రెండు చేతులూ కావాలట.
"చదువు పూర్తిచెయ్యి, డబ్బెక్కడికి పోతుంది అంటుంది.
మోకాలు పోతుందమ్మా అనడానికి
నాకు నోరు రావట్లేదు."

ఇంకో ఏడాది ఆడితే ఇంకా పైన ఎంపికవుతావు, అన్నాడట కోచ్.
మంచివాడే. అబద్ధం కూడా కాదు.

వాళ్లు లోపలికంటా ఫొటో తీస్తారు కదా, అన్నాను.
"తియ్యనీండి.
ఇవాళ్టి మోకాలు చూసి ఇవాళ్టి ధర చెప్పనీండి.
వచ్చే మార్చి మోకాలు నాది కాదు."

సలహాలిచ్చే వయసే నాది.
నోటిదాకా వచ్చింది కూడా,
రెండు రకాలుగా వచ్చింది,
ఒకదాన్నొకటి తోసుకుని రెండూ గొంతులోనే ఉండిపోయాయి.
డాక్టరు గది మూడు తలుపుల అవతలే.
జతలేని సాక్సు ఒకటి చేతిలో పట్టుకుని
బుట్టంతా వెతుకుతున్నట్టు నటించాను.

పదకొండూ నలభై.
కాగితం డ్రయ్యర్ మీద పరిచి సంతకం పెట్టాడు.
పేరు వంకరటింకరగా పడింది.
"మిషన్ కదిలిందండీ" అన్నాడు.
అవును నాన్నా, అన్నాను.
మిషన్ ఆగి అప్పటికి చాలాసేపయింది.

వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం ఇచ్చాడు,
లైబ్రరీలో ఇచ్చెయ్యమని. రాళ్ల గురించి.
సున్నపురాయి పొరల దగ్గర
పట్టీ చించిన తెల్ల టేపు ముక్క గుర్తుగా ఉంది.
అక్కడి దాకా మార్జిన్లలో ప్రశ్నలు,
పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో.
తర్వాత పేజీలు తెల్లగా, కొత్తగా.

ఆలస్య రుసుం అరవై సెంట్లు.
నా కోటు జేబులోంచి కట్టాను.
టేపు ముక్క మాత్రం
పుస్తకంతో పాటు ఇవ్వలేదు.