సి కింద తోక

మతొజీన్యూష్‌లో చేపల సంతకి ఎదురుగా
మా కొట్టు. పాత ఫోన్లు, కొత్త ఛార్జర్లు,
పగిలిన అద్దాలకు పూచీ లేని వైద్యం.
పన్నెండున్నరకి, బేరాలు సద్దుమణిగాక,
రబ్బరు బూట్లతో వచ్చింది అసున్సావ్.
ఆవిడకంటే ముందు సార్డీన్ల వాసన వచ్చింది.

"అది చూపించు. రెండు ముక్కలయ్యేది."

నూట ఎనభై తొమ్మిది యూరోలు.
పది అంగుళాల తెర, నాలుగు జీబీ మెమరీ,
అయస్కాంతంతో అతుక్కునే కీబోర్డు,
అన్నీ కలిపి కిలో బరువు.
నేను అప్పజెప్పిన పాఠం ఆవిడ విననేలేదు.
చేపను చూసినట్టే చూసింది:
వెల్లకిలా తిప్పి,
మొప్ప ఎత్తినట్టు మూత ఎత్తి,
బొటనవేలితో వీపు నొక్కి వదిలి.
నొక్కిన చోటు తిరిగొచ్చింది, కొంచెం ఆలస్యంగా.
"నిన్నటిది," అంది.

టక్కున ఊడదీసింది. టక్కున పెట్టింది.
మళ్ళీ ఊడదీసింది.
"విడిపోయాక ప్రాణం దేంట్లో ఉంటుంది?"
తెరలో, అన్నాను.
"మరి దీంట్లో?"
ఏమీ ఉండదు. బ్యాటరీ కూడా లేదు.
ఆ మీటల పలకను కాసేపు జాలిగా చూసింది.
రోజుకి మూడొందల తలలు నరికే మనిషి.

ఎందుకిది నీకు, అని అడిగాను.
పదకొండు హోటళ్ళు బాకీ.
పుస్తకంలో రాస్తే మంచునీళ్ళకి సిరా కారిపోతుంది,
సిరా వెంటే బాకీలూ.
ఫిర్మీనూ మొన్న ఒట్టేశాడట
ఆ పేజీలో కనబడేది సున్నాయేనని.

చెయ్యి తుడుచుకోకుండానే తెర మీద వేలు పెట్టింది.
తెర పలకలేదు.
ఇంకో వేలు. ఊహూ.
ఉప్పునీళ్ళ వేలు దాని లెక్కలో వేలు కాదు.
"ఇది చేసినవాడు
ఎన్నడూ గిన్నెలు కూడా కడిగి ఎరగడన్నమాట."
మీటలు మాత్రం పలికాయి,
ఒక్కోదాని చుట్టూ ఒక నీటిబొట్టును నిలబెట్టుకుని.
"ప్లాస్టిక్ చుట్టేస్తా. మా ఇంట్లో రిమోటుకి
పదేళ్ళుగా అదే చొక్కా."

స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.
వెనక కాలు జారి తెర బోర్లా పడింది.
బల్ల ఉంటేనే నిలబడే రకం, ఒప్పుకున్నాను.
"బల్ల ఉంది. చలవరాయిది," అంది,
సొంత ఓడ ఉందన్నట్టు.

పేరు కొట్టమన్నాను.
ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ
సగం పేరు దాకా వచ్చి ఆగింది.
"తోకున్న సి ఏదీ?"
ఇంగ్లండు నుంచి దిగిన సరుకు. అందుకే చవక.
సి ఉంది, దాని కింద తోక లేదు.
ఎ ఉంది, దాని మీద అల లేదు.
తోక పోతే ఆ సి గొంతు కీచుమంటుంది,
అసున్సావ్ కాస్తా అసుంకావో అవుతుంది.
"ఎవరావిడ?
నా బాకీలు ఆవిడెందుకు వసూలు చేస్తుంది?"

సెట్టింగుల్లో భాష మార్చి చూపించాను:
సెమికోలన్ నొక్కితే తోకున్న సి వస్తుంది.
మీట మీద ఒకటి, తెర మీద ఒకటి.
"ట్రేకి కానాగంత చీటీ పెట్టి
లోపల కవళ్ళు పోస్తే
మా సంతలో కత్తులు లేస్తాయి తెలుసా?"

నూట డెబ్భైకి దిగాను.
యజమానురాలు భోజనానికి వెళ్ళిందన్న ధైర్యంతో.
ఆవిడ నోట్లు లెక్కపెట్టింది,
పొలుసు ఒకటి ఇరవై యూరోల మీద మెరిసింది.

బిల్లు తీశాను.
పేరు దగ్గర కళ్ళు ఆపింది.
మా కొట్టు కంప్యూటరూ మింగేసింది ఆ తోకని,
ఎన్నేళ్ళుగా మింగుతోందో, నేను చూసుకోలేదు.
చెవి వెనక పెన్ను తీసి
సి కింద తోక గీసింది, ఎ మీద అల గీసింది,
మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.
కింద "అమ్మినవాడు" దగ్గర నా పేరుంది.
దాన్నీ చూసింది. ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుంటే
రోడ్డు అవతలి నుంచి కేక:
"కాటా వేశాను! ఎనిమిది వందల తొంభై గ్రాములు!
కిలో అన్నావు!
నూట పది గ్రాములు నువ్వు నాకు బాకీ!"
రెండు చేతులతో తెర పైకెత్తి చూపించింది.
అంత దూరం నుంచి ఏం కనబడుతుంది.
మధ్యాహ్నం వెళ్ళి చూశాను.
ఫిర్మీనూ కంటే పైన, మొట్టమొదటి వరుసలో
గొన్సాలూ.
తోకతో సహా.